పదకొండు నిమిషాల రిలే

11 ఏప్రిల్ 2021, ఆదివారం

పొద్దున తొమ్మిదింటి హామ్ రేడియో నెట్‌కి, ఎవరి ఇంటి నుంచి వాళ్లం, పద్నాలుగు మందిమి చేరాం. ఎప్పటిలాగే నెట్ నడిపే కంట్రోల్ ఈయనే. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలిచి, మీ దగ్గర కరెంటు ఉందా, ఫోన్లు పలుకుతున్నాయా, ఆసుపత్రికి చేర్చాల్సిన కబుర్లేమైనా ఉన్నాయా అని అడిగారు. నా వంతు వచ్చినప్పుడు వంటింటి బాల్కనీలోంచి చేతి సెట్టు పట్టుకుని, మా పేట పేరు ముందు చెప్పి, "ఉధ్నా, రాధ, అంతా సవ్యం" అన్నాను. ముందు గదిలో కూర్చున్న మొగుడికి అంతా సవ్యం అని రేడియోలో చెప్పుకునే ఆడది సూరత్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

భోజనం దగ్గర మా నెట్‌లోని సంగీత మాట ఎత్తారు. "ఆ పిల్ల గొంతు చూశావా? ఎంత గరగరలోనైనా మాట విరగదు. చెవి కూడా అంతే. ఒకసారి వింటే చాలు, మళ్లీ చెప్పమనదు." నేను పప్పు వడ్డిస్తూ ఊఁ అన్నాను. నేను పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుని తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నా గొంతు గురించి ఆయన అన్నమాట ఒకే ఒక్కటి: మైకు కాస్త దూరంగా పెట్టుకో.

13 ఏప్రిల్

ఉగాది. వేపపువ్వు దొరకలేదు. నేను ఉన్నాను కదా, చేదుకి లోటు లేదు.

18 ఏప్రిల్

సంగీత వచ్చింది, బ్యాటరీ తీసుకెళ్లడానికి. గేటు దగ్గరే నిలబడింది, రెండు మాస్కులు. ఇరవై ఆరేళ్లుంటాయి. వాళ్ల నాన్న లింగం ముప్పై ఏళ్ల కిందట సిద్దిపేట అవతలి నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల్లో చేరాడు. ఈమె ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తుంది. మూడేళ్ల కిందట ఈయన రైల్వే వాళ్ల హాల్లో ఆదివారాలు రేడియో పాఠాలు చెప్తే వచ్చి నేర్చుకుంది. అప్పుడు అందరికీ టీలు పెట్టింది నేనే.

ఈయన్ని సర్ అంటుంది, నన్ను ఆంటీ అంటుంది. సర్‌కీ ఆంటీకీ పెళ్లెలా కుదిరిందో మరి. లైసెన్సులో నాది ఆమెకన్నా ఆరేళ్లు పాతది. నేనూ రేడియో మనిషినేనని ఆమెకు ఒక్కసారైనా తట్టినట్టు లేదు.

29 ఏప్రిల్

ఇప్పుడు నెట్ రోజుకు రెండుసార్లు. హెల్ప్‌లైన్లు దొరకడం లేదు, దొరికినా ఎత్తేవాళ్లు లేరు. మునిసిపల్ ఆఫీసులో కింది అంతస్తులో మాకొక బల్ల ఇచ్చారు. ఐసోలేషన్ సెంటర్లలో మంచాలెన్ని ఖాళీ, సిలిండర్లెన్ని ఉన్నాయి, అదే పని. పల్సానా వైపున్న జోల్వా సెంటర్ నుంచి ఆగయ్య మాట్లాడతాడు. మగ్గాల మెకానిక్, మగ్గాలు ఆగిపోయాక రేడియో పట్టుకున్నాడు. అక్కడ పంచాయతీ హాల్లో పన్నెండు మంచాలు.

సంగీత తెలుగువాళ్లతో తెలుగు, ఆఫీసువాళ్లతో గుజరాతీ, మిగతావాళ్లతో హిందీ మాట్లాడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నా నా గుజరాతీ కూరగాయల బండి దాటలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ఈయన పనిగట్టుకుని మెచ్చుకోవాలా?

10 మే

ఈయనకి జ్వరం. పాజిటివ్. ముందు గది ఇచ్చేశాను. తలుపు బయట స్టూలు, స్టూలు మీద కంచం. మాటలు రేడియోలోనే. ఇరవై ఏడేళ్ల కాపురంలో, నేను ఓవర్ అనేదాకా ఆయన ఆగి నా మాట వినడం ఇదే మొదలు. ఇది తలుచుకుని నవ్వాను, తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆక్సిజన్ తొంభై నాలుగు.

11 మే

కంట్రోల్ ఎవరు చూస్తారని గ్రూపులో అడిగారు. ఈయన ఆ జ్వరంలోనే మెసేజ్ పెట్టారు: సంగీత.

గంటసేపు ఊరుకుని, తర్వాత రేడియోలో అడిగాను, నేను లేనా అని. "నువ్వు రిలేకి ఉండు రాధా. మేడ మీద పెద్ద యాంటెన్నా మనదే. కంట్రోల్‌కి అందనివి నీకే అందుతాయి" అన్నారు. తర్వాత దగ్గు. నేను ఓవర్ అని కూడా అనలేదు.

రిలే అంటే ఏమిటి? దూరంగా ఉన్నవాడి మాట కంట్రోల్‌కి వినపడకపోతే, మధ్యలో ఉన్నవాళ్లు విని అందించడం. వంటింట్లోంచి హాల్లోకి కంచాలు అందించడమే కదా. అది నాకు అలవాటే అనుకున్నట్టున్నారు.

12 మే

తొంభై రెండు.

14 మే

తొంభై మూడు. సంగీత నెట్ మూసేముందు ప్రతిసారీ "సర్ తొందరగ కోలుకోవాలని మనందరి తరఫున" అంటుంది. మొగుడు నాకు, కోలుకోవాలని కోరేది ఊరంతటి తరఫున ఆమె. ఈయన కూడా లోపల వింటూంటారు. ఆ మాట కోసమే సెట్టు పెట్టుకుంటున్నారేమో అనిపించింది. యాభైకి దగ్గరపడి, మొగుడు జ్వరంలో ఉండగా, కూతురీడు పిల్ల మీద ఈ కడుపుమంటేమిటి? రాస్తే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

17 మే

తుఫాను సౌరాష్ట్ర వైపు పోతోందట. ఇక్కడ గాలే. సాయంత్రం నాలుగింటికి, అందరి మాటలూ అందుకుని దూరానికి పంపే కొండ మీది రిపీటర్ ఆగిపోయింది. ఇకనుంచి ఎవరి సెట్టు బలం వాళ్లదే. మేడ మీద యాంటెన్నా తాళ్లు నేనే ఎక్కి బిగించి వచ్చాను. దాని పెద్ద సెట్టు ఇప్పుడు వంటింట్లో నా దగ్గరే, ఈయన దగ్గరున్నది చేతి సెట్టే. ఈయన తొంభై అయిదు.

18 మే, మంగళవారం

చాలా పెద్ద రోజు. వరసగా రాస్తాను.

పొద్దున్నుంచీ కరెంటు లేదు. పల్సానా వైపు ఫోన్లన్నీ పోయాయి. జోల్వాలో ఉన్న సిలిండర్లు మధ్యాహ్నం దాకా కూడా సరిపోవని నిన్ననే చెప్పారు, అందుకని సచిన్ ఊరి వైపు నుంచి సిలిండర్ల బండి బయల్దేరింది. పది నలభై యాభై ప్రాంతంలో నాకు ఆగయ్య పిలుపు వినపడింది. పల్సానా దారిలో చెట్లు పడ్డాయి, బండిని అటు రానివ్వద్దు, కడోదరా మీదుగా తిప్పమని. మునిసిపల్ ఆఫీసు బల్ల దగ్గరున్న కంట్రోల్‌కి అది అందలేదు. నేను 10:52కి రిలే ఇచ్చాను. అప్పటికి బండి ఆ దారిలోకి తిరిగిపోయింది. చెట్ల దగ్గర ఇరుక్కుని, వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. కానీ వెళ్లింది.

ముందు కూడా ఒకటి రెండుసార్లు ఏదో గరగర వినపడింది. మనిషి మాటో గాలో తెలియలేదు.

అందరూ శభాష్ అన్నారు. సాయంత్రం ఫోన్లు పలికాక ఆగయ్య ఫోన్ చేశాడు. "రాధమ్మా, నువ్వు లేకుంటే బండి ఇంకా ఆడనే ఉంటుండె" అన్నాడు. ఈయన తలుపు అవతల నుంచి, రేడియోలో కాదు, నోటితోనే, "అందుకే నిన్నక్కడ పెట్టాను" అన్నారు. ఎంత సంతోషంగా ఉండాలో అంత సంతోషంగా ఉంది.

19 మే

గ్రూపులో నా ఫొటో పెట్టారు. పాత ఫొటో, బాగానే ఉంది.

20 మే

జోల్వాలో కనకవ్వ అనే ఆవిడ పోయింది. మగ్గాల వాళ్లకి మెస్‌లో వండిపెట్టేదట. పొద్దున పోయింది. అంటే రెండు రోజుల తర్వాత. నలభై నిమిషాలకీ రెండు రోజులకీ సంబంధం లేదు.

21 మే

ఆ హాల్లో అప్పుడు పన్నెండు మంది ఉన్నారు. పదకొండు మంది బాగానే ఉన్నారు. రెండు రోజుల తర్వాత కాబట్టి సంబంధం లేదు.

23 మే, ఆదివారం

నెట్ అయ్యాక సమీక్ష పెట్టారు, అందరూ రేడియో మీదే. గ్రూపులో పెద్దాయన ఒకరు అడిగారు, ఆ రోజు ఆగయ్య పావుగంట సేపు పిలిచానంటున్నాడు, కంట్రోల్ ఏం చేసిందని. సంగీత సాకులు చెప్పలేదు. "నాకు ఇనవడలే. రెండుసార్లు రిలే అడిగిన, ఎవ్వరు పలకలే. అయినా నేనే ఇనాలె. తప్పు నాదే" అంది. ఆ పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు, మగ్గాల మధ్య పెరిగినవాళ్లకి చెవులు అంతేనని. అది అనకూడని మాట. వాళ్ల నాన్న లింగానికి మగ్గాల చప్పుడుకి చెవులు పోయాయని అందరికీ తెలుసు.

ఎవరూ ఖండించలేదు. నేనూ ఊరుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని.

ఆ గరగరలో జోల్వా అన్న మాట ఉన్నట్టే ఉంది. ఉన్నట్టే.

26 మే

సంగీత గ్రూపులోంచి వెళ్లిపోయింది. తన సెట్టు ఆగయ్యకి ఇచ్చేసిందట. ఈయన నెగెటివ్ వచ్చి గదిలోంచి బయటికి వచ్చారు. నాలుగు అడుగులేసి కుర్చీలో కూలబడ్డారు, ఎనిమిది కిలోలు తగ్గారు. ఆనందంగా ఉండాల్సిన రోజున ఆయన నోట మొదటి మాట, "పిల్ల ఎందుకు మానేసింది?"

నాకేం తెలుసు అన్నాను.

30 మే, ఆదివారం

నేను కంట్రోల్.

బాగానే నడిపాను. తొమ్మిదేళ్లుగా కావాలనుకున్న కుర్చీ. పన్నెండు మందిని పిలిచాను, పన్నెండు మందీ పలికారు. ఈయన సోఫాలో పడుకుని విన్నారు. అయ్యాక, "బాగా చేశావు" అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని, "సంగీత అయితే మధ్యలో కాస్త ఖాళీ వదిలేది. బలం లేని సెట్ల వాళ్లు దూరడానికి" అన్నారు. గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. లేని మనిషితో కూడా నాకు పోటీ తప్పలేదు.

6 జూన్

రెండోవారం కంట్రోల్. ఖాళీలు వదిలాను. ఎవరూ దూరలేదు.

9 జూన్

ఈయన కాస్త తేరుకుని, తుఫాను రోజు ఎవరెవరు ఎప్పుడేం విన్నారో రాసుకున్న లాగ్ కాగితాలన్నీ తెప్పించుకుని ఒక ఫైలు చేస్తున్నారు. నా కాగితం నేనే ఇచ్చాను, మిగతా వాటి మధ్యలో పెట్టి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లాగ్‌లో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీయాలి, కింది అంకె కనపడుతూనే ఉండాలి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఈ పద్ధతి ఆదివారం పాఠాల్లో మొదటి రోజే చెప్పేవారు. నాకూ అలాగే చెప్పారు. తొమ్మిదేళ్లలో నా చేతికి అది ఎంత అలవాటైందంటే, వినపడిన క్షణంలో టైము దానంతట అదే రాసేస్తుంది.

సాయంత్రం కాగితం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. జోల్వా అన్న వరసలో 10:41, దాని మీద ఒక గీత. పైన 10:52.

"కొట్టివేత పక్కన సంతకం మర్చిపోయావు" అన్నారు. అంతే. వెళ్లి బాల్కనీలో కూర్చున్నారు. ఆ మనిషి గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

ఇక గరగర అని రాయను. మాట స్పష్టంగానే వినపడింది. "జోల్వా, జోల్వా, కంట్రోల్ ఉన్నరా, పల్సానా దారి బందయింది." నోరు మూసుకున్నాను, చెయ్యి మాత్రం రాసేసింది. సంగీత అదే సమయంలో ఏదో ఇచ్ఛాపూర్ కబురు తీసుకుంటోంది. ఆమెకు ఇది వినపడలేదని నాకు అర్థమైంది. వినపడకపోవడం అందరికీ తెలియాలనిపించింది. గొప్ప చెవి అన్నారు కదా, చూద్దాం. ఒక్క నిమిషం. రెండు నిమిషాలు. ఆగయ్య మళ్లీ పిలిచాడు. "ఎవరికన్న దూరం స్టేషన్ ఇనవడ్తుందా, రిలే ఉంటే చెప్పుండ్రి" అని సంగీత అడిగింది. నా బొటనవేలు మైకు మీట మీదే ఉంది. ఇప్పుడు చెప్తే ముందే ఎందుకు చెప్పలేదంటారని ఆగాను. ఆమె మళ్లీ అడిగింది. ఆగయ్య గొంతులో ఏడుపు వచ్చాక మీట నొక్కాను. పదకొండు నిమిషాలు. పది నలభై ఒకటికే చెప్పి ఉంటే బండి ఆ దారిలోకి తిరిగేదే కాదు.

ఇంకోటి కూడా నాకు తెలుసు. ఆ రోజు ఆగయ్య చేతి సెట్టు బలానికి మునిసిపల్ ఆఫీసు కింది అంతస్తుకి ఆ పిలుపు అందే వీలే లేదు. ఎవరి చెవులూ దాన్ని వినలేవు. మేడ మీద పెద్ద యాంటెన్నా ఉన్న నాకు తప్ప. అందుకే నన్నక్కడ పెట్టారు. ఈ సంగతి సమీక్ష రోజున నేనొక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల చెవుల మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

10 జూన్

సంతకం పెట్టాను. ఈయన ఫైలు మూశారు. ఇంకేం అడగలేదు. కనకవ్వ గురించి నేనే అడిగాను, ఆ నలభై నిమిషాల వల్లేనా అని. "తెలీదు రాధా. ఎవరికీ తెలీదు. అది నీకు తేలదు" అన్నారు. దాని వల్ల కాదు అంటారనుకున్నాను.

12 జూన్, శనివారం

సంగీత ఇంటికి వెళ్లాను. రైల్వే స్టేషన్ వెనక సందులో, కింద మగ్గాలు, పైన వరసగా అద్దె గదులు. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి, మెట్ల దగ్గర నుంచే కాళ్ల కింద అదురు. గుమ్మంలో లింగం కూర్చుని ఉన్నాడు. నమస్కారం పెడితే, నేను అడగని దానికి జవాబుగా, భోంచేశానన్నాడు. సంగీత బయటికొచ్చి గదుల ముందు గ్యాలరీలో స్టూలు వేసింది. మొదటి మాటే "సర్‌కి ఎట్లుంది ఆంటీ?"

నేను మాస్కు వెనకాల నుంచి నెమ్మదిగా మొదలుపెట్టాను. పక్క గదుల ఆడవాళ్లు బియ్యం ఏరుకుంటూ గ్యాలరీలోనే ఉన్నారు. వాళ్లకి వినపడకూడదని నా బాధ. సంగీత ముందుకు వంగింది. "జర గట్టిగ చెప్పుండ్రి ఆంటీ. నా చెవులు మా నాయిన లెక్కనే అయితున్నయ్. బుధవారం డాక్టర్‌కి చూపిస్త" అంది.

తప్పు ఒప్పుకోవడానికి వచ్చి కూడా దొంగచాటుగా ఒప్పుకుందామనుకున్నాను. మగ్గాల చప్పుడు మీద అది కుదరదు. మాస్కు కిందికి లాగి, గట్టిగా చెప్పాను. పది నలభై ఒకటికి నేను విన్నాను. నీకు అందే వీలు లేదు, నీ చెవులకేమీ కాలేదు. నువ్వు రెండుసార్లు అడిగినప్పుడు కూడా విన్నాను. బియ్యం ఏరే చేతులు ఆగాయి. లింగం మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

సంగీత తల ఎత్తి, ఎందుకు పలకలేదని అడిగింది. నీ మీద అసూయతో అన్నాను. ఆ మాట పైకి అనడం నా జన్మలో ఇదే మొదటిసారి.

"నా మీదనా?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక. వెనక్కి తిరిగి గది వైపు చూసింది. ఒకటే గది. మంచం, స్టవ్వు, వాళ్ల నాన్న మందులు, కిటికీలో పాత కంప్యూటర్. "నా దగ్గర ఏమున్నదని ఆంటీ?"

మా ఆయన నీ గొంతు బాగుందన్నారు అని ఆ గుమ్మం ముందు కూర్చుని ఎలా చెప్పను?

లేచాను. మెట్ల దాకా వచ్చింది. "ఇది నాకొక్కదానికి చెప్తె ఏం లాభం? నాకు చెవులు లెవ్వన్నది అందరు ఇన్నరు" అంది. కన్నీళ్లు పెట్టుకోలేదు. క్షమించానని కూడా అనలేదు. అనాలని నేను మెట్లన్నీ దిగేదాకా ఎదురుచూశాను.

13 జూన్, ఆదివారం

తొమ్మిదింటికి నెట్ తెరిచాను. హాజరు పిలవకముందే చెప్పాను. అందరికీ అర్థం కావాలని హిందీలో. మే పద్దెనిమిది, పది నలభై ఒకటి, జోల్వా పిలుపు నాకు స్పష్టంగా అందింది. కంట్రోల్ రెండుసార్లు రిలే అడిగింది, నేను కావాలనే పలకలేదు. కంట్రోల్ స్టేషన్‌కి ఆ పిలుపు అందే వీలు లేదు. తప్పు పూర్తిగా ఉధ్నా రిలేది. చదివినట్టు చెప్పాను. ఈయన పక్కనే కూర్చుని నేల చూపులు చూస్తున్నారు. ఓవర్ అన్నాను.

ఎవరూ మీట నొక్కలేదు. చాలాసేపటికి ఆగయ్య వచ్చాడు.

"జోల్వా. ఇన్న."

తిట్టినా బాగుండేది. కనకవ్వ చేతి తిండి ఏళ్ల తరబడి తిన్నవాడు.

ఆ వెంటనే ఇంకో గొంతు. ఎవరి సెట్టు అడిగి తెచ్చుకుందో తెలియదు. "సంగీత. కంట్రోల్ నేను తీస్కుంటున్న" అంది. నా అనుమతి అడగలేదు. హాజరు మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరూ పిలిచి, పలికేదాకా ఆగి, మధ్య మధ్య ఖాళీ వదిలి. ఒక ఖాళీలో బార్డోలీ అవతల నుంచి ఎవరో కొత్తాయన, బలంలేని సెట్టుతో, రెండు ముక్కలుగా వినపడ్డాడు. ఒకేసారికి పట్టుకుంది. మళ్లీ చెప్పమనలేదు.

చివరికి ఈయన పేరు పిలిచింది. ఈయన పలికారు. తర్వాత నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆమె నెట్ మూసేసింది.

గొంతు బాగుంది. నిజంగానే మాట విరగదు. ఇది రాస్తున్నప్పుడు కూడా కడుపులో మండుతూనే ఉంది, అబద్ధమెందుకు. లాగ్ రాసే పని ఇవాళ్టికి నాదే. పలికిన వాళ్లందరి పేర్లూ వరసగా, టైములతో సహా రాశాను. నన్ను పిలవలేదు కాబట్టి నా పేరు రాయలేదు.